5 హెచ్‌పీ మోటారు, 300 అడుగుల బోరు: పని, శక్తి లెక్క ఎలా కట్టాలి?

పాలమూరు_బోరు
అందరికీ నమస్కారం. మా బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో పని, శక్తి పాఠం అయిపోయింది, సూత్రాలన్నీ నోటికి వచ్చాయి, అయితే మన బోరు మోటారు ఎంత పని చేస్తుందో లెక్క కట్టి చూపించు నాన్నా అని పట్టుకుంది. నేను డిగ్రీ చేశాను గానీ సైన్సు కాదు. మా వివరాలు ఇవి: 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, 300 అడుగుల్లో దింపి ఉంది, రెండించుల పైపు, నేల మీద నుంచి పది అడుగుల ఎత్తున్న ట్యాంకులో పోస్తుంది. ట్యాంకు పైన పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే ఒక నిమిషంలో నిండింది. ఈ అంకెలతో తను లెక్క వేస్తే మోటారు మరీ బాగా పనిచేస్తున్నట్టు వస్తోందని, ఎక్కడో ఏదో తేడా ఉందని తనకే అనుమానం.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. 50 కిలోల బస్తా నెత్తిన పెట్టుకొని గంటసేపు నిలబడినా చేసిన పని సున్నా అని పుస్తకంలో ఉందట. మార్కెట్ యార్డులో హమాలీలను రోజూ చూసే పిల్ల, ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

సైన్స్_మాస్టారు
అనుమానం రావడమే మంచి సంగతి, చాలామంది జవాబు రాగానే కింద గీత గీసేసి వదిలేస్తారు. ముందు బోరు చూద్దాం.

కిలో బరువును ఒక మీటరు పైకి తేవాలంటే భూమి ఆకర్షణకు ఎదురుగా 9.8 జౌళ్ల పని చేయాలి. మీరు చెప్పిన ప్రకారం 300 అడుగులు, పైన ఇంకో పది, మొత్తం 310 అడుగులు, అంటే 94.5 మీటర్లు. కాబట్టి ప్రతి లీటరుకూ, లీటరు నీళ్లంటే కిలోయే కనుక, 926 జౌళ్లు. నిమిషానికి 200 లీటర్లంటే సెకనుకు 3.33 లీటర్లు. సెకనుకు చేసిన పని 3,085 జౌళ్లు, అంటే 3,085 వాట్లు. ఒక హెచ్‌పీ 746 వాట్లు కాబట్టి 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు. భాగిస్తే దాదాపు 83 శాతం.

లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఈ సైజు బోరు పంపుకు 83 శాతం అంటే నమ్మడం కష్టం. మనం పెట్టిన అంకెల్లో ఏదో ఒకటి సరైనది కాదు. డ్రమ్ము కొలత నిజంగానే 200 లీటర్లా, నిమిషం ఫోన్‌లో చూశారా, ముందు అది చెప్పండి.

వైండింగ్_షాపు
మాస్టారూ, డ్రమ్ము కాదు, తేడా అంతా ఆ 300 అడుగుల దగ్గరే ఉంది. అన్నా, మోటారు 300లో దింపారు సరే, నీళ్లు ఎక్కడున్నాయి? మోటారు నీళ్లలో మునిగి ఉంటుంది కదా. బోరులో నీళ్లు 150 అడుగుల దగ్గర నిలబడి ఉంటే మోటారును 300లో పెట్టినా 500లో పెట్టినా నీళ్లను ఎత్తేది 150 నుంచే, కింద ఉన్న నీటిని పైన ఉన్న నీరే నొక్కి పట్టుకొని ఉంటుంది కాబట్టి ఆ భాగానికి మోటారు కష్టపడక్కర్లేదు. రైతులు నా షాపుకొచ్చి మోటారు ఇంకో మూడు పైపులు దింపాం, నీళ్లు తగ్గుతాయా అని అడుగుతుంటారు. దింపినందుకు తగ్గవు, ఆ అదనపు పైపు గోడల రాపిడి కొంచెం కలుస్తుంది అంతే.

కొలవాల్సింది మోటారు ఆపి ఉన్నప్పటి మట్టం కాదు, ఒక గంట నడిచాక ఉన్న మట్టం. నడిచేటప్పుడు నీళ్లు కిందికి జారతాయి. రెండు సన్నని వైర్ల కొసలు ఒలిచి, చిన్న బరువు కట్టి, కేసింగ్ పక్కన దింపండి, పైన బ్యాటరీతో నడిచే మల్టీమీటర్ పెట్టండి, కొసలు నీళ్లకు తగలగానే ముల్లు కదులుతుంది. ఇంటి కరెంటు మాత్రం దానికి కలపొద్దు.

ఎంపీసీ_రెండో_ఏడు
సార్, నాకో డౌటు. నీళ్లు పైపులోంచి వేగంగా బయటికి వస్తున్నాయి కదా, వాటికి గతిజ శక్తి కూడా ఉంటుంది. ఎంజీహెచ్ (ద్రవ్యరాశి × g × ఎత్తు) ఒక్కటే వేసి సగం ఎంవీ స్క్వేర్ (సగం × ద్రవ్యరాశి × వేగం వర్గం) వదిలేశారు. అది కలిపితే శాతం ఇంకా పెరుగుతుందిగా?

సైన్స్_మాస్టారు
కలపాలి, నిజమే, వేసి చూడు. రెండించుల పైపు అడ్డుకోత వైశాల్యం సుమారు 0.002 చదరపు మీటర్లు. సెకనుకు 0.00333 ఘనపు మీటర్ల నీళ్లు అందులోంచి పోవాలంటే వేగం సెకనుకు 1.64 మీటర్లు. కిలోకు గతిజ శక్తి సగం × 1.64 × 1.64, అంటే 1.35 జౌళ్లు. ఎత్తినందుకు వచ్చే స్థితిజ శక్తి వందల్లో ఉంది. అందుకే ఇక్కడ వదిలేసినా లెక్క చెడదు. చూడ్డానికి పైపు మూతి దగ్గర నీళ్లు ఎగజిమ్ముతున్నట్టు ఉంటాయి, మోటారు బలమంతా ఆ జోరులోనే ఉందనిపిస్తుంది, కానీ శక్తిలో దాదాపు అంతా నీళ్లను పాతాళం నుంచి పైకి తేవడానికే పోయింది. ఏది ముఖ్యమో ఏది కాదో కంటికి తెలియదు, అంకె వేస్తేనే తెలుస్తుంది.

పాలమూరు_బోరు
కొలిచాం. మా బిడ్డే మీటరు పట్టుకుంది. మోటారు ఆపి ఉన్నప్పుడు 140 అడుగులు, గంట నడిచాక 190. డ్రమ్ము అప్పుడు కూడా నిమిషంలోనే నిండింది.

సైన్స్_మాస్టారు
అయితే 190కి పైన పది కలిపి 200 అడుగులు, 61 మీటర్లు. లీటరుకు 598 జౌళ్లు. సెకనుకు 1,992 జౌళ్లు, అంటే 1,992 వాట్లు. 3,730లో ఇది 53 శాతం. ఇది నమ్మదగిన అంకె.

పైపు లోపల రాపిడి కూడా ఉంది. ఈ వేగానికి, ఈ పొడవు పైపులో అది ఇంకో ఐదారు మీటర్ల ఎత్తుకు సమానం అవుతుంది. అంటే పంపు నిజంగా తోస్తున్నది 66 మీటర్లకు పైగా, దాని వరకే చూస్తే 58 శాతం దాకా వస్తుంది. మనకు ఉపయోగపడింది మాత్రం 53.

వైండింగ్_షాపు
ఇంకో మాట. ప్లేటు మీద 5 అని కొట్టి ఉన్నంత మాత్రాన ఎప్పుడూ 5 హెచ్‌పీ లాగదు. ఎంత లోడు పడితే అంత. మీది నిజంగా ఎంత లాగుతోందో తెలియాలంటే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూడాలి. 53 అనేది మోటారు పూర్తి లోడు మీద ఉందనుకొని వేసిన లెక్క.

పాలమూరు_బోరు
అన్నా, మీరు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పక్క చేను వాళ్లు 7.5 వేయమంటున్నారు. 5కి నిమిషానికి 200 లీటర్లు వస్తే 7.5కి 300 రావాలి కదా?

వైండింగ్_షాపు
రావు. పెద్ద మోటారు ఎక్కువ లాగుతుంది, లాగిన కొద్దీ బోరులో మట్టం ఇంకా దిగుతుంది. 140 నుంచి 190కి దిగింది 200 లీటర్లకే కదా. మట్టం 250కి జారిందనుకోండి, అప్పుడు ఎత్తాల్సింది 260 అడుగులు. మాస్టారు పద్ధతిలో వేస్తే లీటరుకు 777 జౌళ్లు పడుతుంది. ఒకటిన్నర రెట్లు బలం ఇచ్చినా, అదే 53 శాతం అనుకుంటే సెకనుకు 3.85 లీటర్లు, నిమిషానికి 230 చిల్లర. పైపు అదే రెండించులు అయితే రాపిడి కూడా పెరుగుతుంది, ఆ 230 కూడా రావు. ఊట అంతకు మించి లేకపోతే మోటారు గాలి పీల్చి కాలిపోతుంది, అలాంటివి ఎండాకాలంలో నా దగ్గరికి చాలా వస్తాయి. మోటారు కొనేముందు కంపెనీ వాళ్లు ఇచ్చే పట్టిక అడగండి, ఎన్ని స్టేజీలు (పంపులో ఒకదాని మీద ఒకటి ఉండే రెక్కల చక్రాలు), ఏ ఎత్తుకు ఎన్ని లీటర్లు అని అందులో ఉంటుంది. హెచ్‌పీ ఒక్కటే చూసి కొనకండి.

ఎంపీసీ_రెండో_ఏడు
మిగతా 47 శాతం ఏమైంది సార్? శక్తి నిత్యత్వ నియమం ప్రకారం ఎక్కడికో పోవాలి కదా.

సైన్స్_మాస్టారు
వేడిగా మారింది. పంపు రెక్కల మధ్య నీళ్లు సుళ్లు తిరగడం, బేరింగుల రాపిడి, పైపు గోడల రాపిడి, అన్నీ కలిపి సెకనుకు 1,738 జౌళ్లు. అయితే నీళ్లు వేడెక్కినట్టు చేతికి తెలియదు. ఎందుకంటే కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4,186 జౌళ్లు కావాలి. సెకనుకు 3.33 కిలోలు పోతుంటే పెరిగేది డిగ్రీలో ఎనిమిదో వంతు. మామూలు థర్మామీటరుకు అది అందదు.

జేమ్స్ జౌల్ 1840ల్లో ఇంగ్లండులో చేసింది సరిగ్గా ఈ కొలతే. బరువులు కిందికి దిగుతూ నీళ్లలో తెడ్లను తిప్పేలా కట్టి, నీళ్లు ఎంత వేడెక్కాయో చూశాడు. అతని థర్మామీటర్లు డిగ్రీలో చాలా చిన్న భాగాల్ని చూపించేవి, అంత ఓపికగా కొలవబట్టే వేడి కూడా శక్తేనని, దానికో స్థిరమైన మారకం ఉందని తేలింది. ఈ లెక్కన నీళ్లు 427 మీటర్ల ఎత్తు నుంచి పడి, వేడి ఎక్కడికీ పోకుండా ఉంటే, ఒక్క డిగ్రీ పెరుగుతాయి. జోగ్ జలపాతం 253 మీటర్లు, అక్కడ లెక్క ప్రకారం 0.6 డిగ్రీ. గాలి, ఆవిరి వల్ల ఆ కాస్త కూడా కనబడదు. యాంత్రిక శక్తి ఎంతో కనిపించినా వేడి లెక్కలోకి మారిస్తే కొంచెమే అవుతుంది, అందుకే ఈ సంబంధం అంత ఆలస్యంగా దొరికింది.

విశాఖ_ఫిజియో
హమాలీ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను చెబుతాను, ఇది నా పని కూడా.

పని సున్నా అన్నది బస్తా వైపు నుంచి చూసిన లెక్క. గంట ముందు నెత్తి మీద ఉంది, గంట తర్వాత అక్కడే ఉంది, ఎత్తు పెరగలేదు, వేగం పెరగలేదు, బస్తాకు కొత్తగా చేరిన శక్తి ఏమీ లేదు. అంతవరకు పుస్తకం సరైనదే. కానీ మోసే మనిషి శరీరంలో ఖర్చు ఆగలేదు. కండరం బల్ల కాలులాంటిది కాదు, ఒకసారి బిగుసుకొని అలా ఉండిపోలేదు. కండరంలో మయోసిన్ అనే ప్రొటీన్ తలలు పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకోవడం, లాగడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం నిరంతరం జరుగుతూ ఉంటుంది, పట్టు వదిలించుకోవడానికి ప్రతిసారీ ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) ఖర్చవుతుంది. బయటికి కదలిక లేకపోయినా లోపల ఈ లాగుడు ఆగదు, తిన్న తిండి నుంచి వచ్చిన రసాయన శక్తి అంతా వేడైపోతుంది. అందుకే చెమట, అందుకే నొప్పి.

పాపకు ఇలా చెప్పండి: బస్తా మీద జరిగిన పని సున్నా, మనిషి శరీరం ఖర్చు పెట్టిన శక్తి సున్నా కాదు. రెండూ నిజమే, ఎందుకంటే రెండు వేర్వేరు వస్తువుల లెక్కలు.

పాలమూరు_బోరు
ఇది బాగా ఎక్కింది మేడమ్. మరి బస్తా ఎత్తేటప్పుడు?

విశాఖ_ఫిజియో
అప్పుడు పని ఉంది. నేల మీద నుంచి 1.6 మీటర్లు ఎత్తితే 50 × 9.8 × 1.6, అంటే 784 జౌళ్లు. కిలో కేలరీల్లో 0.19. రోజుకు 200 బస్తాలు ఎత్తినా 37 కిలో కేలరీలే, రెండు ఇడ్లీలకు కూడా చాలదు. అయినా ఆ మనిషి సాయంత్రానికి కూలబడిపోతాడు. కండరాలు ఖర్చు పెట్టిన శక్తిలో బయటికి పనిగా వచ్చేది 20 నుంచి 25 శాతమే, మిగతాది వేడి. దానికి తోడు ప్రతిసారీ వంగి లేచేటప్పుడు బస్తాతో పాటు తన నడుము పై భాగాన్ని కూడా ఎత్తుకుంటున్నాడు, అది ఏ లెక్కలోనూ రాయరు. నెమ్మదిగా దించేటప్పుడు కూడా కండరం బిగబట్టే ఉంటుంది. వెన్నుపూసల మీద పడే ఒత్తిడి జౌళ్లలో కొలిచేది కానే కాదు. నా దగ్గరికి నడుము నొప్పితో వచ్చే వాళ్లలో బరువులు మోసే వాళ్లు ఎక్కువ, కాబట్టి పాఠంలో ఈ సున్నా చదివి పిల్లలు వాళ్ల కష్టాన్ని తేలిగ్గా చూడకూడదని నేను గట్టిగా కోరుకుంటాను.

సైన్స్_మాస్టారు
మేడమ్ చెప్పిన దించడం గురించి ఒక మాట. బస్తాను నెమ్మదిగా దించుతున్నప్పుడు చేతులు పైకి తోస్తుంటాయి, బస్తా కిందికి జరుగుతుంది. బలం ఒక దిక్కు, కదలిక ఎదురు దిక్కు. దాన్నే రుణాత్మక పని అంటాం. అర్థం ఏంటంటే, బస్తా నుంచి 784 జౌళ్లు చేతుల్లోకి వచ్చాయి. మనిషి కండరానికి దాన్ని దాచుకునే ఏర్పాటు లేదు, వేడి చేసి వదిలేస్తుంది. ఏ లెక్కలోనైనా మూడు అడగండి: ఏ వస్తువు మీద, ఏ బలం, ఆ బలం తగిలిన చోటు ఏ దిక్కున ఎంత జరిగింది. ఈ మూడు చెప్పకుండా పని ఎంత అని అడిగితే దానికి జవాబు ఉండదు. పిల్లలకు వచ్చే తికమకలో చాలా భాగం ప్రశ్నలో వస్తువు పేరు లేకపోవడం వల్లే.

ఘాట్_డ్రైవర్
దించేటప్పుడు వచ్చే శక్తి అంటున్నారు కాబట్టి మా సంగతి కూడా రాస్తా. తిరుమల ఘాట్‌లో చాలా కాలం బస్సు నడిపాను. ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత ఆయాసపడినా ప్రమాదం తక్కువ, దిగేటప్పుడే అసలు పరీక్ష. కొత్తవాళ్లు బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతారు, సగం దారిలో లైనర్ల కాలిన వాసన వస్తుంది, ఇంకా నొక్కితే బ్రేకు పట్టదు. ఎక్కిన గేరులోనే దిగాలి అని మా పెద్ద డ్రైవర్లు నేర్పారు. కారణం ఎవరూ చెప్పలేదు, లెక్క ఎంతో ఎవరైనా వేసి చెప్పండి.

సైన్స్_మాస్టారు
మంచి ప్రశ్న వేశారు. తిరుపతికీ తిరుమలకీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. జనంతో కలిపి బస్సు 15 టన్నులు అనుకుందాం. 15,000 × 9.8 × 700, అంటే పది కోట్ల జౌళ్ల పైమాట. కరెంటు యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు, ఆ లెక్కన 28 యూనిట్లకు పైగా. కింద బస్టాండులో బస్సు ఆగి ఉంటుంది, అంటే ఆ శక్తి మొత్తం దారిలో ఎక్కడో ఒదిలిపోవాలి. బ్రేకుల్లోనే వదిలితే 350 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచేంత వేడి ఆ డ్రమ్ముల మీద పడుతుంది. అసలు ఏదీ ఆపకుండా, గాలి కూడా అడ్డుకోకుండా ఉంటే కిందికి వచ్చేసరికి వేగం గంటకు 420 కిలోమీటర్లు. చిన్న గేరులో దిగితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది, లోపల రాపిడి, గాలిని నొక్కడం వీటిలో శక్తి పోయి రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి బయటికి వెళ్తుంది. దిగడానికి కనీస సమయం పెట్టడం వెనుకా ఇదే ఉంది: మొత్తం వేడి మారదు, కానీ నెమ్మదిగా దిగితే చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది.

ఘాట్_డ్రైవర్
ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. 2022 నుంచి ఆ ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. కొండ దిగుతుంటే బ్యాటరీ ఛార్జింగ్ పెరుగుతుందని వాటి డ్రైవర్లు చెబుతారు.

విశాఖ_ఫిజియో
అదే 700 మీటర్లు కాలినడకన ఎక్కే భక్తుల లెక్క కూడా చూడండి. 60 కిలోల మనిషికి 4.1 లక్షల జౌళ్లు, 98 కిలో కేలరీలు. కండరం సామర్థ్యం కలిపితే 400 నుంచి 500. అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో అంతకంటే బాగా తక్కువ, అయినా ఎత్తు దాదాపు అదే కాబట్టి గురుత్వానికి ఎదురుగా చేసే పని దాదాపు అంతే. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం రెండూ ఒకటి కాదు, నిలువు ఎక్కువగా ఉన్న దారిలో ఒక్కో నిమిషానికి పడే భారం ఎక్కువ. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త, బస్సు బ్రేకుల పని మన తొడ కండరాలు చేయాలి.

జెన్‌కో_షిఫ్ట్
ఎలక్ట్రిక్ బస్సు మాట వచ్చింది కాబట్టి శ్రీశైలం గురించి రాయకుండా ఉండలేను. ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అవి రెండు వైపులా తిరిగే యంత్రాలు. నీళ్లు దిగుతుంటే టర్బైను, కరెంటు ఇచ్చి ఎదురు తిప్పితే పంపు. బోరు మోటారు, ఘాట్ బస్సు రెండూ ఒకే యంత్రంలో ఉన్నట్టు.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590. రెండూ నిండుగా ఉంటే తేడా 295 అడుగులు, 90 మీటర్లు. ఒక ఘనపు మీటరు నీళ్లు దిగితే 8.8 లక్షల జౌళ్లు, పావు యూనిట్ కూడా రాదు. వెయ్యి లీటర్లకు అంతే! ఇల్లంతా ఒక రోజు గడవాలంటే ఎన్ని నీళ్లు దిగాలో ఊహించుకోండి. టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి ఒక టీఎంసీకి లెక్కలో 69 లక్షల యూనిట్లు. యంత్రాల్లో, సొరంగాల్లో 12 శాతం పోతుందనుకుంటే చేతికొచ్చేది 61 లక్షలు. అదే టీఎంసీని తిరిగి పైకి పంపాలంటే 69 చాలవు, 79 లక్షలు కావాలి.

అంటే 79 పెట్టి 61 తీసుకుంటున్నాం. నష్టానికి ఎందుకు చేస్తారని చాలామంది అడుగుతారు. మధ్యాహ్నం సోలార్ కరెంటు వాడుకునే వాళ్లు లేక మిగిలిపోతుంది, సాయంత్రం ఏడింటికి అందరూ స్విచ్చులు వేస్తారు. మధ్యాహ్నం మిగిలింది సాయంత్రానికి దాచాలంటే ఇంత పెద్ద మొత్తంలో దాచగలిగిన చోట్లలో ముఖ్యమైనది ఎత్తులో ఉన్న నీళ్లే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో కొండల మీద రిజర్వాయర్లు కట్టింది అందుకే.

ఎంపీసీ_రెండో_ఏడు
ఎంజీహెచ్ అర్థమైంది. సగం ఎంవీ స్క్వేర్‌లో ఆ స్క్వేర్ ఎందుకో, సగం ఎందుకో ఇప్పటికీ బట్టీయే. వేగం రెట్టింపయితే శక్తి రెట్టింపు కావాలి కదా అనిపిస్తుంది.

సైన్స్_మాస్టారు
ఒకే బలంతో బండిని ఆపుతున్నావనుకో. వేగం రెట్టింపు ఉంటే ఆగడానికి పట్టే సమయం రెట్టింపు. ఆ సమయమంతా సగటు వేగం కూడా రెట్టింపే. రెట్టింపు సమయం, రెట్టింపు సగటు వేగం, కాబట్టి ఆగేలోపు పోయిన దూరం నాలుగు రెట్లు. పని అంటే బలం, దూరాల లబ్ధం. అందుకే వర్గం. సగం ఎక్కడిదంటే, ఆగేలోపు సగటు వేగం మొదటి వేగంలో సగం కదా, అదే ఆ సగం.

ఘాట్_డ్రైవర్
ఇది మాకు రోడ్డు మీద తెలుసు తమ్ముడూ. పొడి రోడ్డు మీద 40లో ఉంటే బ్రేకు పడ్డాక తొమ్మిది మీటర్లలో ఆగే బండి 80లో ఉంటే 36 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులో పోయే 22 మీటర్లు దీనికి అదనం. బైకు పిల్లలకు ఈ ఒక్క లెక్క వస్తే చాలు.

పాత_పుస్తకాల_పిచ్చి
ఈ వర్గం గురించి యూరప్‌లో చాలా ఏళ్లు తగాదా నడిచింది. కదిలే వస్తువు బలిమిని వేగంతో కొలవాలని ఒక పక్షం, వేగం వర్గంతో కొలవాలని జర్మన్ పండితుడు లైబ్నిజ్ వైపు వాళ్లు. 1722లో డచ్ శాస్త్రవేత్త స్‌గ్రావెసాండె ఇత్తడి గుళ్లను మెత్తటి బంకమట్టిలో పడేసి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు నాలుగు రెట్లు లోతు దిగింది. ఫ్రాన్సులో ఎమిలీ దు షాట్లే ఈ ప్రయోగం విలువ గుర్తించి 1740లో తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిజ్ పక్షాన గట్టిగా వాదించింది. ఆడవాళ్లకు చదువే దక్కని రోజుల్లో ఆమె చేసిన పని ఇది, మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. ఆ సగం మాత్రం బాగా తర్వాత, 1829లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కొరియోలిస్ పని అనే రాశిని ఇప్పటి అర్థంలో నిర్వచించినప్పుడు స్థిరపడింది.

పాలమూరు_బోరు
మా బిడ్డ అందరి జవాబులూ చదివింది, అందరికీ థ్యాంక్స్ చెప్పమంది. తన ప్రశ్న తనే రాస్తానని ఫోన్ తీసుకుంది:

అంకుల్, బస్సులో కూర్చున్న నాకు బస్సులో వాళ్ల లెక్కలో వేగం సున్నా, గతిజ శక్తి సున్నా. రోడ్డు మీద నిలబడ్డ వాళ్ల లెక్కలో నాకు చాలా శక్తి ఉంది. ఏది కరెక్ట్? ఇంకా, నేను బస్సులో ముందుకి బంతి విసిరితే నేను చేసిన పని కూడా ఇద్దరికీ వేరుగా వస్తోంది. నా చెయ్యి ఒక్కటే కదా.

సైన్స్_మాస్టారు
తల్లీ, ఈ ప్రశ్న డిగ్రీ పిల్లలు కూడా అరుదుగా అడుగుతారు. రెండూ కరెక్టే, గతిజ శక్తి ఎవరు కొలుస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. నీ బంతి లెక్క చేద్దాం. బంతి కిలో అనుకో. బస్సు సెకనుకు పది మీటర్ల వేగంతో పోతోంది. నువ్వు బస్సు లోపల సెకనుకు ఐదు మీటర్ల వేగం వచ్చేలా ముందుకు విసిరావు.

బస్సులో వాళ్లకు: సగం × 1 × 25, అంటే 12.5 జౌళ్లు పెరిగాయి.

రోడ్డు మీద వాళ్లకు: బంతి వేగం పది నుంచి పదిహేనుకు పెరిగింది. ముందు 50 జౌళ్లు, తర్వాత 112.5. పెరిగింది 62.5.

ఇంకో 50 ఎక్కడి నుంచి వచ్చాయి? నీ చేతి నుంచి కాదు, నీ కండరం ఖర్చు పెట్టింది ఇద్దరి లెక్కలోనూ ఒకటే. నువ్వు బంతిని ముందుకు తోసినప్పుడు నీ పాదాలు బస్సు నేలను వెనక్కి తోశాయి. ఆ తోపుకు బస్సు వేగం కంటికి కనబడనంత తగ్గింది. బంతికి ముందుకు 5 యూనిట్ల ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) వస్తే బస్సుకు అంతే తగ్గాలి, పది మీటర్ల వేగంతో పోయే బస్సుకు 5 తగ్గితే పోయే శక్తి 5 × 10, సరిగ్గా 50 జౌళ్లు. ఒక్క బంతిని మాత్రమే చూస్తే లెక్క తేడాగా కనిపిస్తుంది, బంతిని, బస్సును కలిపి చూస్తే ఇద్దరికీ సరిపోతుంది.

ఘాట్_డ్రైవర్
మరి ఆ 50 బస్సుకు తిరిగి ఎవరిస్తారమ్మా? నేను యాక్సిలరేటర్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే, డీజిల్.

పాలమూరు_బోరు
తను రాయమంది: అయితే నేను బంతిని వెనక్కి విసిరితే బస్సుకు శక్తి వస్తుందా అంకుల్?

సైన్స్_మాస్టారు
వస్తుంది తల్లీ, అవే అంకెలతో 50 జౌళ్లు బస్సుకు చేరతాయి. బంతి వేగం రోడ్డు లెక్కలో పది నుంచి ఐదుకు తగ్గుతుంది. 50 నుంచి 12.5కి, అంటే బంతి 37.5 పోగొట్టుకుంది, నీ చెయ్యి 12.5 ఇచ్చింది, రెండూ కలిపి బస్సుకు 50. ఇప్పుడు బస్సు ఆగి ఉన్నప్పుడు ఇదే లెక్క నువ్వే వేసి ఇక్కడ పెట్టు, నాన్న ఫోన్‌లోనే పర్వాలేదు.